‘ఊరంతా’ అంటే ఎవరు?

తమ్మీ,

మీ ఊరి చెరువు మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. చెరువు నిండి మత్తడి దుంకినరోజు జనం కట్ట మీదికి ఉరికిన తీరు బాగా వచ్చింది, దాన్ని ముట్టుకోకు. ఆ తర్వాత ‘అప్పట్లో ఊరంతా కల్తీ లేని తిండి తినేది’ అన్నావు. నా పేచీ అక్కడే.

ఊరంతా ఒకటే తిండి ఎప్పుడు తిన్నది? చెరువు కింద తరి పొలం ఉన్న ఇండ్లల్లో వరి అన్నం ఉడికింది. వాన మీదే పండే చెల్కలున్నవాళ్లు, అవి కూడా లేక కూలికి పోయినవాళ్లు మక్క రవ్వతోనో జొన్న రవ్వతోనో వండిన గట్క తిన్నారు. వాళ్లకు అన్నం అంటే పండుగే. ఇవాళ షుగర్ వచ్చినవాళ్లు గట్క వెతుక్కుంటున్నారని, అప్పటివాళ్లు ఆరోగ్యం కోసం తిన్నట్టు రాస్తే మీ ఊరి ముసలమ్మలే నవ్వుతారు.

కాకతీయులకు రెండు పేజీలు ఇచ్చావు. రామప్ప, పాకాల చెరువులు గణపతిదేవుని కాలానివని ఒక్క వాక్యంలో చెప్పి కదులు. మిగిలిన జాగ నీరటికి ఇవ్వు. తూము తీసి, ఏ మడికి ముందు, ఏ మడికి తర్వాత అని నీళ్లు పారించిన మనిషి ఆయన. కూలి గింజల రూపంలో వచ్చేది. వానలు లేక కాలం కాని ఏడు ఆఖరి మడి రైతుకు ఏం జవాబు చెప్పేవాడు? ఆ గింజలు పెట్టడం ఎవరు ముందు మానేశారు? బోర్లు పడ్డాక ఆయన కొడుకులు ఏ పని చూసుకున్నారు? నీ వ్యాసానికి అసలు సరుకు ఇది.

2015లో మొదలైన చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయను మెచ్చుకుంటూ రాశావు. మెచ్చుకోవచ్చు, పూడిక తీసిన చెరువుల్లో నీళ్లు నిలిచాయి. కానీ పూడిక మట్టి ఉత్తగనే ఇచ్చినా, ట్రాక్టర్ కిరాయి రైతే పెట్టుకోవాల్సి వచ్చింది. ఎవరి పొలానికి ఎన్ని ట్రిప్పులు పోయాయో అడుగు. శిఖంలో, అంటే నీళ్లు తగ్గినప్పుడు తేలే చెరువు భూమిలో, పంట వేసుకునేవాళ్లను కూడా కలువు. చెరువు నిండితే వాళ్ల సంతోషం వేరుగా ఉంటుంది.

చేపల సంగతి తేలిగ్గా తీసుకోకు. మృగశిర నాడు చేపల కూర తిన్నామని రాయడం సులువే. చెరువు మీద హక్కు ఏ కులానిది, చేపల సొసైటీలో సభ్యత్వం ఎవరికి, గంప నెత్తిన పెట్టుకొని చేపలమ్మే ఆడవాళ్ల పేర్లు ఆ రిజిస్టర్‌లో ఉన్నాయా అన్నది కష్టం. ముదిరాజులు, గంగపుత్రులు ఇద్దరి మాటా విను. ఒకరింట్లో చాయ్ తాగి వచ్చి తీర్పు రాయకు.

ములుగు దిక్కు పోతానన్నావు కదా, ఎండకాలం బీడీలు చుట్టే తునికాకు కొనే కల్లం దగ్గర ఒక పూట కూర్చో. కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలకు ఒక స్టాండర్డ్ బ్యాగ్. ఈ లెక్క అందరూ చెప్తారు. కట్టలు లెక్కబెట్టి తీసుకునే కల్లేదారు ఏ కట్టను పక్కకు పెడుతున్నాడో, అప్పుడు ఆ కట్ట తెచ్చిన తల్లి ఏమంటుందో నువ్వే చూసి రాయాలి. ఆకు ఏరినవాళ్లకు ఇచ్చే బోనస్ ఎప్పుడొచ్చిందని కూడా అడుగు.

ఇంకొకటి. మూడో పేజీలో రాగి సంకటి ఉంది. మీ ఊళ్లో రాగులు ఎవరి చెల్కలో పండాయో కనుక్కో. ఎవరూ చెప్పలేకపోతే ఆ వాక్యం తీసేసి పంపు.

మీ అన్న