పిల్లి దురదకు జలుబు మాత్ర వేయొద్దు

ప్రశ్న: మా పిల్లికి మూడేళ్లు, బరువు 4 కిలోలు. గీరుకుని గీరుకుని మెడ మీద పుండు పడింది. నాకి నాకి పొట్ట కింద బోడి అయిపోయింది. ఇంజెక్షన్ వేయిస్తే నెలన్నర బాగుంటుంది, మళ్లీ మొదలు. ఇంట్లో మేం జలుబుకి వాడే సిట్రిజిన్ ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు ఆ స్ట్రిప్ వెనక ఏం రాసి ఉందో చదవండమ్మా. జలుబు మాత్రల్లో చాలావాటిలో సిట్రిజిన్‌తో పాటు పారాసిటమాల్ కూడా ఉంటుంది. పిల్లి కాలేయం దాన్ని అరాయించుకోలేదు. ఒక్క మాత్ర చాలు: చిగుళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, మొహం వాస్తుంది, ఊపిరాడదు, ప్రాణం పోతుంది. ఉత్త సిట్రిజిన్ అయితే 10 మి.గ్రా. మాత్రలో సగం రోజుకొకసారి డాక్టర్లు రాస్తుంటారు. అయినా పుండు పడేంత దురద దానికి లొంగదు.

ఇక ఇంజెక్షన్. నెలన్నర పనిచేస్తోందంటే అది ఒంట్లో నిలవుండే స్టెరాయిడ్ అయి ఉండొచ్చు. ఒకసారి వేశాక వెనక్కి తీయలేం, తగ్గించలేం. పదేపదే వేస్తే పిల్లికి షుగర్ రావచ్చు. నీళ్లు తెగ తాగుతోందా, మూత్రం ఎక్కువైందా గమనించండి. అదే స్టెరాయిడ్ మాత్ర అయితే మోతాదు మన చేతిలో ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ కిలోకి 1 నుంచి 2 మి.గ్రా.; మీ పిల్లికి రోజుకి 5 మి.గ్రా. మాత్ర ఒకటి, తిండితో పాటు. పేరులో ‘లో’ ఉందో లేదో చూసుకోండి: ప్రెడ్నిసోన్ వేరు, పిల్లి ఒంట్లో అది సరిగా మందుగా మారదు. ఒకటి రెండు వారాల్లో పుండు మానాక రోజు విడిచి రోజు, ఆపైన సగం సగంగా తగ్గిస్తారు. ఒక్కసారిగా మానేయకూడదు. తామరా, గజ్జి పురుగులా అని చర్మం గీసి, వెంట్రుకలు తీసి పరీక్ష చేశాకే మొదలుపెట్టాలి. తామర అయితే స్టెరాయిడ్‌తో ఇంకా పాకుతుంది. పశువైద్య కళాశాల ఆసుపత్రిలో ఈ పరీక్షల గురించి అడగండి.

స్టెరాయిడ్ తగ్గించగానే దురద తిరగబెడితే సైక్లోస్పోరిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు) ఉంది: కిలోకి 7 మి.గ్రా., అంటే మీ పిల్లికి రోజుకి 28. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో వాంతులవుతాయి. అది వాడినన్నాళ్లూ పచ్చి మాంసం పెట్టకండి, ఎలుకల వేటకి వదలకండి.

ఇవన్నీ దురదని అణిచేవే. దురద పుట్టించేదాన్ని కూడా పట్టుకోవాలి. సన్నపళ్ల దువ్వెనతో నడుం మీద దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి తెల్లగుడ్డ మీద వేయండి. చుట్టూ ఎర్రటి మరక దిగితే అది ఫ్లీల (వెంట్రుకల్లో దాగి రక్తం తాగే చిన్న పురుగుల) రెట్ట, అంటే పిల్లి రక్తమే. మరక కనబడలేదని ఫ్లీలు లేవనుకోకండి, పిల్లి నాకి మింగేస్తుంది. తిరుపతి వాతావరణంలో వాటికి సెలవుల్లేవు. సెలామెక్టిన్ చుక్కల మందు నెలనెలా, ఇంట్లో ఉన్న పిల్లులన్నిటికీ, మెడ వెనక నాలుక అందనిచోట వెంట్రుకలు విడదీసి చర్మం మీదే పోయండి. కనీసం మూడు నెలలు; పరుపుల్లో, మూలల్లో దాగిన గూళ్లలోంచి కొత్తవి పుడుతూనే ఉంటాయి. కుక్కల చుక్కల మందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లికి ఫిట్స్ వస్తాయి, దాన్ని దగ్గరికి రానీయకండి. వేపనూనె పూసినా నాకి కడుపులోకి తీసుకుంటుంది, వద్దు.

ఫ్లీలు పోయినా దురద ఉంటే తిండి మీద అనుమానపడాలి. డాక్టరు చెప్పిన ఒక్క ఆహారమే 8 వారాలు. ఆ రోజుల్లో పెరుగన్నం, పాలు, చేపముక్క ఒక్కటి పెట్టినా లెక్క మళ్లీ మొదటికే.

ప్రశ్న: మాత్ర నోట్లో వేయగానే నురగ కక్కుతోంది. పడట్లేదా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: చేదుకండీ. ఖాళీ క్యాప్సూల్‌లో పెట్టి మింగించి, వెంటనే సూది లేని సిరంజితో 5 మి.లీ. నీళ్లు చెంప పక్కనుంచి మెల్లగా పట్టండి. పొడిగా వేసిన మాత్ర గొంతు కింద ఇరుక్కుని అక్కడ పుండు చేస్తుంది.