వేళ్ల సందులో నరం నొక్కుకుంటే ఆపరేషనే దిక్కా?

అక్కా, కావలిలో టీచర్‌గా రోజంతా నిలబడతారనీ, సాయంత్రానికి కుడికాలి మధ్యవేలు, దాని పక్కవేలు మంటపుట్టి షాక్ కొట్టినట్టు ఉంటోందనీ, ఆపరేషన్ తప్పదన్నారనీ రాశారు. టెన్షన్ పడకండి. నాకూ ఇదే వచ్చింది. నేను చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ముందువైపు ఇరుకైన సేఫ్టీ బూట్లతో సిమెంటు నేల మీద పొద్దస్తమానం నిలబడాల్సిందే. బూట్లో గులకరాయి పడిందేమోనని విప్పి దులిపితే ఏమీ ఉండేది కాదు.

ఒంగోలులో ఎముకల డాక్టర్ పాదాన్ని రెండు పక్కలా అదిమిపట్టి, ఆ వేళ్ల సందులో కింద నుంచి నొక్కారు. లోపల టిక్కుమంది, ప్రాణం పోయినంత పనైంది. మోర్టన్ న్యూరోమా అన్నారు. పేరు విని భయపడొద్దు, క్యాన్సర్ కాదు. వేళ్లకు పోయే నరం ఒత్తిడికి మందమవుతుంది, అంతే.

ముందు బూట్లు మార్చాను: వేళ్లు విప్పారేంత వెడల్పు, తక్కువ ఎత్తు మడమ. తర్వాత మెటటార్సల్ ప్యాడ్, అంటే బూటు లోపల అరికాలి కింద అంటించే చిన్న మెత్త. ఇక్కడ మాత్రం జాగ్రత్త అక్కా. ప్యాడ్ నొప్పి ఉన్నచోట కాదు, దానికి కాస్త వెనక, మడమ వైపు రావాలి. అప్పుడే వేళ్ల వెనకున్న ఎముకలు ఎడంగా జరిగి నరానికి చోటు దొరుకుతుంది. సరిగ్గా నొప్పి కిందే అంటిస్తే ఇంకా నొక్కేస్తుంది. నాకు వీటితోనే చాలావరకు తగ్గింది, మిగిలినదానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. అది మాటిమాటికీ వేయించుకుంటే అరికాలి కొవ్వు పలచబడుతుంది. ఆపరేషన్‌లో మామూలుగా ఆ నరం ముక్కనే తీసేస్తారు, ఆ వేళ్ల మధ్య స్పర్శ పోతుంది. అందుకే అది చివరి దారి అంటాను.

మంట చీలమండ లోపలివైపు నుంచి అరికాలంతా పాకుతుంటే అది వేరే జబ్బు, టార్సల్ టన్నెల్, అంటే చీలమండ దగ్గర నరం నొక్కుకోవడం. ఆ చీలమండ ఎముక వెనక తట్టితే అరికాల్లోకి జివ్వుమంటుంది. అక్కడ గడ్డేదైనా నొక్కుతోందేమో స్కాన్‌లో చూస్తారు. ఉంటే ఆపరేషన్‌కు వెనకాడొద్దు.

రెండు కాళ్లకీ ఒకేలా వేళ్ల నుంచి తిమ్మిరి ఎక్కుతుంటే మాత్రం షుగర్, బి12 పరీక్షలు చేయించండి. స్పర్శ తగ్గిన కాలికి వేడినీళ్ల కాపడం వద్దు, కాలినా తెలియదు.

ఈలోపు, సాయంత్రం పాదం ఉబ్బి ఉన్నప్పుడు కాగితం మీద నిలబడి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. స్కూలుకు వేసుకెళ్లే చెప్పు దానిమీద పెట్టండి. గీత బయటికి కనిపిస్తే ఆ చెప్పు రేపటి నుంచే మానేయండి.