బ్రేక్ ఎ లెగ్ అంటే దీవెనేనా?

ప్రశ్న: ఆ మధ్య న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు మనవరాలి కూచిపూడి ప్రోగ్రాం జరిగింది. పిల్ల గజ్జెలు కట్టుకుంటుంటే ఫ్రెండ్ ఒకమ్మాయి వచ్చి ‘బ్రేక్ ఎ లెగ్’ అని వెళ్ళింది. కాలు విరగ్గొట్టుకోమనడమేమిటని నాకు ఒళ్ళు మండిపోయింది, ఇంటికొచ్చాక దిష్టి కూడా తీశాను. మా అమ్మాయేమో మంచి మాటేలే అని నవ్వేసింది. నిజమేనా?
– ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. ఆ పిల్ల మీ మనవరాలికి ‘బాగా చెయ్యి’ అనే చెప్పింది. ఇది నాటకాల వాళ్ళ మాట. స్టేజీ ఎక్కబోయేవాళ్ళకు ‘గుడ్ లక్’ అని పైకి చెప్తే ఆ లక్కు కాస్తా పోతుందని ఒక నమ్మకం, అందుకే తిరగేసి చెడ్డమాట అంటారని చెప్తారు. మనకిదేం కొత్త కాదు, మీ వంటింట్లోనే ఉంది. డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం, ఖాళీ డబ్బా చేత్తో పట్టుకుని మరీ! దీపం ఆరితే కొండెక్కిందంటాం. గడప దాటుతూ ఎవరైనా ‘వెళ్తున్నా’ అంటే ‘వెళ్ళొస్తాను అనవే’ అని మీరే ఎన్నిసార్లు దిద్ది ఉంటారో. అయితే ఇవన్నీ చెడును మంచిమాటతో కప్పడం, బ్రేక్ ఎ లెగ్ మంచిని చెడ్డమాట చాటున దాచడం. దానికి అసలైన జోడీ మనం పసిపిల్లల బుగ్గన పెట్టే నల్లచుక్క. ముద్దొచ్చే మొహానికి కావాలని ఒక మచ్చ పెడతాం కదా, ఆ అమ్మాయి మీ మనవరాలికి అలాంటి దిష్టిచుక్కే పెట్టి వెళ్ళిందనుకోండి.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఈ మాట స్టేజీ ఎక్కేముందు, మహా అయితే పరీక్షకో ఇంటర్వ్యూకో వెళ్ళేముందు చెల్లుతుంది. ఆపరేషన్‌కి వెళ్తున్నవాళ్ళతో అనకండి.

ప్రశ్న: ‘నాకు ఇంక్రిమెంట్ వద్దు సర్, సెలవులిస్తే చాలు’ అని సరదాగా అంటే మా ఆఫీసర్ ‘ఆర్ యూ పుల్లింగ్ మై లెగ్?’ అన్నారు. ఆయన పోస్టుకే ఎసరు పెడుతున్నానని అనుకున్నారేమోనని రెండు రోజులుగా టెన్షన్‌గా ఉంది.
– ఒక ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: టెన్షన్ వదిలేయండి. ‘నన్ను ఆటపట్టిస్తున్నావా?’ అన్నారు, అంతే. మన దగ్గర కాళ్ళు పట్టి లాగడమంటే పైకి పోతున్నవాణ్ణి కిందపడేయడం, ఆ అర్థం మనసులో ఉండబట్టే మీకు భయమేసింది. ఇంగ్లీషులో కాలు లాగడం చిన్నపిల్లల అల్లరి లాంటిది. ఈసారి అలా అడిగితే నవ్వేయండి. నిజంగానే సెలవులు కావాలంటే మాత్రం ‘నో సర్, ఐ యామ్ సీరియస్’ అనండి, దొరికినా దొరుకుతాయి.

ప్రశ్న: మా లెక్చరర్ 200 ఇడియమ్స్ లిస్టు ఇచ్చారు. బట్టీ పట్టాను, వారం తిరక్కుండానే సగం పోయాయి. ఎలా గుర్తుపెట్టుకోవాలి?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: లిస్టు పక్కన పెట్టు తమ్ముడూ. రోజూ ఇంట్లో, బస్సులో, హాస్టల్లో నీ నోటికి ఏ తెలుగు మాట వస్తుందో చూసుకుని దాని పక్కన ఇంగ్లీషు మాట రాసుకో. మీ మామయ్య ఎప్పుడో గాని రాడు, ‘అమావాస్యకో పున్నానికో వస్తాడు’ అంటావు, వాళ్ళు ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటారు. రెండు చోట్లా చంద్రుడే! అప్పు తీసుకున్న ఫ్రెండ్ అసలు సంగతి చెప్పకుండా తిప్పుతుంటే నీకది డొంకతిరుగుడు, వాళ్ళకి ‘బీటింగ్ అరౌండ్ ద బుష్’, అక్కడా పొదే. అన్నం వండటం ‘బ్రహ్మవిద్యేం కాదు’ అని మీ అమ్మ అంటే అది ‘ఇట్స్ నాట్ రాకెట్ సైన్స్’. రోజుకొకటి చాలు, కానీ ఆ రోజు నిజంగా జరిగినదాన్నే రాయాలి.

జోడీ కుదిరింది కదా అని కళ్ళు మూసుకుని మాత్రం రాసుకోకు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ‘క్రయింగ్ ఓవర్ స్పిల్ట్ మిల్క్’ పక్కన ‘చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం’ అని రాసుకుంది. బాగానే ఉందనుకున్నాను. తర్వాత ఒకరోజు ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిన బస్సు తప్పిపోయి బస్టాండ్‌లోనే కూర్చుని ఏడుస్తుంటే, ఫ్రెండ్ ఫోన్‌లో ‘చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమే’ అందట. ఆ మాటకి ఏడుపు ఇంకా ఎక్కువైందని చెప్పింది. అప్పుడు నాకు అర్థమైంది, మన సామెత ముందే చూసుకోవద్దా అని మందలిస్తుంది, వాళ్ళ మాట జరిగిందేదో జరిగింది ఇక ఏడవకు అంటుంది. పరీక్షలో రెండూ ఒకటేనని రాసినా మార్కులు పడతాయేమో, మనుషులతో అలా కుదరదు. అందుకే అర్థంతో పాటు ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో అంటారో కూడా ఒక ముక్క రాసుకో.

ప్రశ్న: కుండపోత వానకి ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అనొచ్చా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: తప్పు లేదు గాని, మన పాఠ్యపుస్తకాల్లో కనపడినంతగా జనం నోట వినపడదు. ‘ఇట్స్ పోరింగ్’ అనండి, ఎక్కడైనా అర్థమవుతుంది.

ప్రశ్న: అమెరికా క్లయింట్ కాల్‌లో ‘లెట్స్ టేబుల్ దిస్’ అంటే, మర్నాడే చర్చిద్దామన్నారనుకుని రాత్రంతా కూర్చుని స్లైడ్స్ చేశాను. కాల్‌లో ఆ ఊసే లేదు. నేనెక్కడ పొరబడ్డాను?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీరు పొరబడలేదు, మీకు వచ్చింది బ్రిటిష్ ఇంగ్లీషు. పార్లమెంటులో నివేదికను ‘టేబుల్’ చేశారంటే సభ ముందు పెట్టారని మనం చదువుతాం. అమెరికాలో అదే మాటకు పూర్తిగా ఎదురు అర్థం: ప్రస్తుతానికి పక్కన పెడదాం అని. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, అమెరికా అధికారులు ఒకే సమావేశంలో ఈ ఒక్క మాట మీద చాలాసేపు గట్టిగా వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరికీ కావలసింది ఒకటేనని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. యుద్ధం నడిపినవాళ్ళకే తప్పలేదు, మీరు ఒక్క రాత్రి నిద్ర పోగొట్టుకున్నారు. ఈసారి ఆ మాట రాగానే ‘నౌ ఆర్ లేటర్?’ అని అక్కడికక్కడే అడిగేయండి, ఎవరూ తప్పు పట్టరు.

పనిలో పనిగా మీ రెజ్యూమె కూడా ఒకసారి తెరవండి. అందులో ఫలానా ఏడాది ‘పాస్డ్ అవుట్’ అని ఉంటే మార్చేయండి. అమెరికా వాళ్ళకు దానర్థం స్పృహ తప్పడం. ‘గ్రాడ్యుయేటెడ్’ అని పెట్టండి.