డోవర్ వెళ్లే ముందు

చిట్టితల్లీ,

విదేశాల్లో చనిపోయిన అమెరికా సైనికుల పార్థివదేహాల్ని దించే డోవర్ వైమానిక స్థావరంలో ఫొటోలు తీసే పని నీకప్పగించారని మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది, గుబులుగానూ ఉంది.

గుర్తింపు కార్డు మరవకు, చెప్పిన వేళకంటే ముందే చేరు, ఫ్లాష్ ముట్టుకోకు. స్వెట్టర్ వేసుకో, రన్‌వే గాలి ఊరికే వదలదు.

1991లో గల్ఫ్ యుద్ధం నాడు అక్కడ పత్రికల కెమెరాల్ని నిషేధించారు. 2009 ఫిబ్రవరిలో రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ ఆ నిషేధం తీసేసి, నిర్ణయాన్ని మృతుల కుటుంబాలకే వదిలారు. కాబట్టి వాళ్లు వద్దంటే వద్దే. అధికారుల్ని బతిమాలితే చీవాట్లు నా దగ్గరే తింటావు. ఒప్పుకున్నా సరే, ఏడుస్తున్న తల్లి వైపు లెన్సు తిప్పకు.

నా భయమంతా ఫొటో కింద రాసే రెండు వాక్యాల గురించి. 2004 ఏప్రిల్‌లో, నిషేధం ఉండగానే, రస్ కిక్ అనే ఆయన సమాచార చట్టం కింద అడిగితే వైమానిక దళం 361 ఫొటోలిచ్చింది. సైన్యం తన కోసం తీసుకున్నవే. ఆయన 2003 ఫిబ్రవరి 1 నుంచి ఉన్నవి కావాలన్నాడు. కొలంబియా వ్యోమనౌక కూలింది ఆ రోజే. ఆ ఏడుగురి పార్థివదేహాలూ డోవర్‌కే వచ్చాయి. మన కర్నాల్ బిడ్డ కల్పనా చావ్లా వారిలో ఉంది. అదే జెండా, అదే పెట్టె, అదే గౌరవవందనం. ఆ ఫొటోలు కట్టలో కలిసిపోయి, ఇరాక్ మృతులంటూ పత్రికల్లో అచ్చయ్యాయి. పొరపాటని చివరికి నాసా చెప్పాల్సి వచ్చింది. ఇరాక్ యుద్ధం మొదలైందే మార్చిలో! ఫొటో తీసిన తేదీ పక్కనుంటే ఎవరైనా పట్టేసేవారు.

అందుకని కెమెరా గడియారం ముందురోజే సరిచేసుకో. ఏ దళం, ఎన్ని పెట్టెలు, ఏ వేళకి దించారు, అక్కడే నిలబడి పుస్తకంలో రాసుకో. పేరు, హోదా అధికారిక ప్రకటన చూసి అక్షరం అక్షరం సరిపోల్చు. రెండు పెట్టెలుంటే ఏది ఎవరిదో అడగందే రాయకు. 2011 ఆగస్టులో ఆఫ్ఘనిస్తాన్‌లో హెలికాప్టర్ కూలి 30 మంది అమెరికన్లు పోయినప్పుడు, డోవర్ చేరేసరికి ఏ దేహం ఎవరిదో తేలనే లేదు. నువ్వు చూసే ఆ పెట్టె శవపేటిక కూడా కాదు, విమానంలో తెచ్చే లోహపు పెట్టె, అలాగే రాయి. ఇదంతా ఫొటో ఫైల్లోనే నింపి పంపు. విడిగా పంపిన కాగితం ఏడాది తిరక్కుండానే ఎక్కడో పోతుంది, మిగిలిన ఫొటోని ఎవరు దేనికైనా వాడుకుంటారు.

డెస్కు వాళ్లు తొందరపెడితే పెట్టనీ, తెలియనిది ఖాళీగా వదిలెయ్. తిని వెళ్లు. పనయ్యాక ఫోన్ చెయ్యి, అక్కడ అర్ధరాత్రైనా ఇక్కడ మాకు పగలే.

మీ పెదనాన్న