చెకుముకి తుపాకుల తయారీకి పదవీ విరమణ నిధిలోంచి అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న: మేము పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో ఉంటున్నాం. నా వయసు 41. హెచ్-1బీ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం నా యజమాని వేసిన దరఖాస్తు) ఆమోదం పొందింది, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నాం. ఇద్దరు పిల్లలు, పెద్దమ్మాయికి 13 ఏళ్లు. గొట్టం మూతి నుంచి మందు దట్టించి, చెకుముకి రాయితో పేల్చే పాతకాలపు ఫ్లింట్‌లాక్ రైఫిల్ ఒకదాన్ని కిట్ కొని, రెండు చలికాలాలు కష్టపడి చేత్తో పూర్తి చేశాను. ఇప్పుడు గ్యారేజీలో లేత్, మిల్లింగ్ యంత్రం పెట్టుకుని అన్ని భాగాలూ నేనే తయారు చేయాలని ఉంది. నా 401కె (ఉద్యోగం ద్వారా వచ్చే పదవీ విరమణ నిధి) ఖాతాలో 1,60,000 డాలర్లు ఉన్నాయి. అందులోంచి 18,000 డాలర్లు అప్పు తీసుకుని, ఏడాదికి రెండు రైఫిళ్లు అమ్మి తీర్చాలని నా ఆలోచన. బ్యాంకులో అత్యవసరాలకు 14,000 డాలర్లు ఉన్నాయి; నెల ఖర్చు 5,500 డాలర్లు. ఇలాంటి తుపాకుల విలువ బంగారంలా పెరుగుతుందని, ఎప్పటికైనా హైదరాబాద్‌కు తిరిగి వెళ్తే వెంట తీసుకెళ్లవచ్చని అనుకుంటున్నాను. నా భార్య ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

జవాబు: ముందుగా మీ అభిరుచి గురించి ఒక మాట చెప్పాలి. మీరున్న చోటు ఈ విద్యకు పుట్టిల్లు వంటిది. జర్మన్ ప్రాంతాల నుంచి వలస వచ్చిన పనివారు తమ వెంట తెచ్చిన పొట్టి యేగర్ రైఫిల్ పద్ధతిని 18వ శతాబ్దంలో లాంకాస్టర్ పరిసరాల్లో మార్చుకుంటూ, పొడవాటి గొట్టం, సన్నని మేపుల్ కర్రతో పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్‌గా తీర్చిదిద్దారు. మీ ఊరికి దగ్గరలోనే, నజారెత్ పక్కన జేకబ్స్‌బర్గ్‌లో, పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ మ్యూజియం ఉంది. ఇలాంటి విద్య మీద మనసు పడటాన్ని నేను దుబారాగా చూడను. అందుకే దీన్ని మానుకోమని చెప్పడం లేదు. 401కె నుంచి అప్పు తీసుకోవద్దని, ప్రస్తుత వీసా మీద ఉన్నంతకాలం అమ్మకం ఆలోచన పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇది ఆదాయం తెచ్చే పెట్టుబడి కాదు, ఇష్టపడి చేసే ఖర్చు. ఖర్చుగా ఒప్పుకుని నెలనెలా కొంత పక్కన పెడితే మీకు ఏళ్ల తరబడి తృప్తినిస్తుంది.

అప్పు లెక్క ముందు చూద్దాం. 401కెలో మీకు పూర్తిగా హక్కు వచ్చిన మొత్తంలో సగం వరకు, గరిష్ఠంగా 50,000 డాలర్లు అప్పు తీసుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. మామూలుగా అయిదేళ్లలో తీర్చాలి. కాబట్టి 18,000 డాలర్లు మీకు దొరుకుతాయి, మీరు కట్టే వడ్డీ కూడా మీ ఖాతాకే జమ అవుతుంది. చాలామంది ఇక్కడే ఆగి, ఇది మన డబ్బు మనమే వాడుకోవడం కదా అనుకుంటారు. వడ్డీ ఎనిమిదిన్నర శాతం అనుకుంటే నెలకు సుమారు 370 డాలర్లు మీ జీతంలోంచి కోత పడుతుంది, అదీ పన్ను కట్టిన తర్వాత మిగిలిన డబ్బులోంచి. అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వాయిదా కాదు, మీ వీసా. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికో, వీసా స్థితి మార్చుకోవడానికో, దేశం విడిచి వెళ్లడానికో గరిష్ఠంగా 60 రోజుల వ్యవధే దొరుకుతుంది. ఉద్యోగం వదిలినప్పుడు చాలా కంపెనీల ప్లాన్లలో మిగిలిన అప్పును ఖాతాలోంచి తీసుకున్న సొమ్ముగా లెక్కగడతారు. ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోగా, పొడిగింపు తీసుకుంటే ఆ పొడిగించిన తేదీలోగా, అంత మొత్తాన్ని ఐఆర్ఏ (వ్యక్తిగత పదవీ విరమణ ఖాతా)లోనో కొత్త ప్లాన్‌లోనో జమ చేయలేకపోతే అది మీ ఆదాయంలో కలుస్తుంది. మీకు 59 ఏళ్ల ఆరు నెలలు నిండలేదు కాబట్టి దాని మీద 10 శాతం జరిమానా కూడా పడుతుంది. అప్పు తీసుకున్న కొత్తలోనే ఉద్యోగం పోయిందనుకోండి: మీరు 22 శాతం పన్ను శ్లాబులో ఉంటే 18,000 డాలర్ల మీద పన్ను, జరిమానా కలిపి 5,760 డాలర్లు. జీతం ఆగిపోయి, ఇల్లు మారాలో దేశమే మారాలో తెలియని సమయంలో ఆ భారం కూడా నెత్తిన పడుతుంది.

ఇప్పుడు రాబడి వైపు చూద్దాం. కిట్ కాకుండా విడిభాగాలు కొని రైఫిల్ చేస్తే, మంచి గొట్టం, మంచి లాక్ (చెకుముకి రాయితో నిప్పు పుట్టించి పేల్చే భాగం), చారలు తేలిన మేపుల్ కర్ర, ట్రిగ్గర్లు, ఇత్తడి సామాను కలిపి 1,300 డాలర్లు అవుతుందనుకుందాం. చెక్కుడుతో, నునుపుతో సహా 200 గంటల పని అనుకుందాం. మీ మొదటి రైఫిల్‌కు మీరు పెట్టిన శ్రమ చూస్తే ఇది ఎక్కువ అంచనా కాదు. పేరు ఇంకా ఎవరికీ తెలియని పనివారి రైఫిల్‌కు 2,500 డాలర్లు వచ్చాయనుకున్నా, మిగిలేది 1,200 డాలర్లు, అంటే గంటకు ఆరు డాలర్లు. పెన్సిల్వేనియాలో కనీస వేతనమే గంటకు 7.25 డాలర్లు. ఏడాదికి రెండు అమ్మితే పన్నుకు ముందు 2,400 డాలర్లు వస్తాయి. అప్పు వాయిదాలకే ఏడాదికి 4,400 డాలర్లకు పైగా కావాలి. పైగా రెండు రైఫిళ్లంటే 400 గంటలు, అంటే ప్రతి వారం దాదాపు ఎనిమిది గంటలు ఇంట్లోవాళ్లకు దూరంగా గ్యారేజీలో గడపాలి. మీ శ్రీమతిగారి అభ్యంతరంలో ఈ గంటల లెక్క కూడా ఉండి ఉండవచ్చు. ఆమెతో డబ్బు విషయం మాట్లాడేటప్పుడు సమయం విషయం కూడా మాట్లాడండి.

బంగారంతో పోలిక నిలవదు. బంగారం ఏ ఊళ్లో అమ్మినా ఆ రోజు ధర పలుకుతుంది. లాంగ్‌రైఫిళ్లలో విలువ పెరిగేవి రెండు రకాలు: లాంకాస్టర్‌కు చెందిన జేకబ్ డికర్ట్ వంటి నాటి పనివారి అసలు తుపాకులు, నేటి తరంలో దశాబ్దాల పాటు పని చేసి పేరు సంపాదించినవారి తుపాకులు. రెండింటిలోనూ ధర పలికేది గొట్టం మీది సంతకానికి. ఆ పేరు రావడానికి పట్టే కాలాన్ని అప్పు వాయిదాల్లో ఇమడ్చలేం.

అమ్మకం ఆలోచన దగ్గర ఇంకా పెద్ద చిక్కు ఉంది. హెచ్-1బీ మీ యజమాని దగ్గర, ఆమోదించిన ఉద్యోగం చేయడానికే అనుమతి ఇస్తుంది. లాభం కోసం క్రమం తప్పకుండా వస్తువులు తయారు చేసి అమ్మడాన్ని అనుమతి లేని పనిగా పరిగణించే ప్రమాదం ఉంది, దాని ప్రభావం గ్రీన్ కార్డు దరఖాస్తు మీద పడుతుంది. ఈ ఆదాయాన్ని పన్ను రిటర్న్‌లో వ్యాపారంగా షెడ్యూల్ సిలో చూపిస్తే, ఆ పని చేశానని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు అవుతుంది. చూపించకపోతే అది పన్ను ఎగవేత. అభిరుచిగా చూపిస్తే వచ్చిన ఆదాయం మీద పన్ను కట్టాలి. అమ్మిన వస్తువుకు పట్టిన సామగ్రి ఖరీదు తప్ప, పనిముట్లు, తరగతులు, ప్రయాణాల వంటి అభిరుచి ఖర్చులను తగ్గించుకునే వీలు 2018 నుంచి లేదు. అంటే మీరు కొనే లేత్ ఒక్క డాలర్ పన్నును కూడా తగ్గించదు. మీ కోసం చేసుకున్న ఒక వస్తువును ఎప్పుడో ఒకసారి అమ్ముకోవడం వేరు, ఏడాదికి రెండు అమ్మి అప్పు తీర్చాలని ప్రణాళిక వేసుకోవడం వేరు. గ్రీన్ కార్డు చేతికి వచ్చేదాకా ఆ రెండో దారి జోలికి వెళ్లకండి. మొదటిది చేయాలన్నా ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడిగి చేయండి.

ఆ న్యాయవాదిని కలిసినప్పుడే ఇంకో సంగతి కూడా రాతపూర్వకంగా తేల్చుకోండి. హెచ్-1బీ వంటి నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవారు తుపాకి కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం కొన్ని మినహాయింపులతో నిషేధిస్తుంది. పాతకాలపు తుపాకి మందుతో పేలుతూ, నేటి కార్ట్రిడ్జ్‌లు పట్టని మూతి మందు రైఫిల్ ఆ చట్టంలోని తుపాకి నిర్వచనం కిందికి రాదు కాబట్టే మీరు ఇప్పటిదాకా ఇబ్బంది లేకుండా ఉన్నారు. కానీ రాష్ట్రాల చట్టాలు వేరువేరు. మీకు తూర్పున నది దాటితే వచ్చే న్యూజెర్సీలో ఇలాంటి వాటిని కూడా తుపాకులుగానే చూస్తారు. ఉద్యోగం మారి అటు వెళ్లాల్సి వస్తే, సామాను కట్టుకునే ముందే ఆ రాష్ట్ర నిబంధనలు తెలుసుకోవాలి. ఒక గంట సలహాకు అయ్యే ఫీజును ఈ అభిరుచి ఖర్చులో మొదటి పద్దుగా రాసుకోండి.

మరి ఎలా చేయాలి? మీ అత్యవసర నిధి రెండున్నర నెలల ఖర్చుకు మించి రాదు. వీసా మీద ఆధారపడిన కుటుంబానికి కనీసం ఆరు నెలలది, అంటే 33,000 డాలర్లు ఉండాలి. పెద్దమ్మాయి కాలేజీకి ఇంక అయిదేళ్లే ఉంది. అందువల్ల అప్పు వాయిదాగా నెలకు 370 డాలర్లు కట్టగలనని మీరు అనుకుంటున్నారు కదా, ఆ డబ్బునే రెండుగా విడదీయండి: 245 డాలర్లు అత్యవసర నిధికి, 125 డాలర్లు ఈ అభిరుచి కోసం విడిగా తెరిచిన పొదుపు ఖాతాకు. నెలకు 245తో ఆరు నెలల నిధి నిండటానికి ఆరేళ్లకు పైగా పడుతుంది కాబట్టి, బోనస్ వచ్చినప్పుడల్లా, పన్ను రీఫండ్ వచ్చినప్పుడల్లా ముందు దానికే జమ చేయండి. అభిరుచి ఖాతాలో ఏడాదికి 1,500 డాలర్లు పోగవుతాయి. ఆ ఖాతాలో ఎంత ఉంటే అంతే ఖర్చు. క్రెడిట్ కార్డు మీద ఒక్క ఆకురాయి కూడా కొనకూడదు.

ఏడాదికి 1,500 డాలర్లు చాలా తక్కువని మీకు అనిపించవచ్చు. కానీ యంత్రాలు లేకుండానే ఈ విద్య పుట్టింది, యంత్రాలు లేకుండానే నేర్చుకోవచ్చు. ఆ కాలపు పెన్సిల్వేనియా పనివారిలో చాలామంది అన్ని భాగాలూ తామే చేసేవారు కాదు. లాక్‌లను ఎక్కువగా ఇంగ్లండ్ నుంచి తెప్పించుకుని, తమ నైపుణ్యాన్ని కర్ర మీద, అమరిక మీద చూపేవారు. కాబట్టి లాక్‌ను, గొట్టాన్ని కొనడం వల్ల మీ పని చేతిపని కాకుండా పోదు. మీ మొదటి రైఫిల్‌లో మీకు అనుభవమై ఉంటుంది: లాక్ పలక వెనుక మసి పూసి కర్రలో నొక్కి తీస్తే, నల్లగా అంటిన చోట మాత్రమే ఉలితో పొర తీయాలి, మళ్లీ మసి, మళ్లీ నొక్కడం, మళ్లీ ఉలి, లోహానికీ కర్రకూ మధ్య వెంట్రుక దూరేంత సందు కూడా లేకుండా ఆ పలక కూర్చునే దాకా అదే పని. ఆ నేర్పును మిల్లింగ్ యంత్రం ఇవ్వదు. దానికి కావలసిన ఉలులు, ఆకురాళ్లు, గీకుడు పలకలు, మంచి వైస్ కొన్ని వందల డాలర్లలో దొరుకుతాయి. పాత సామాను అమ్మేచోట ఇంకా చవకగా దొరుకుతాయి. కొన్నాళ్లు డబ్బును సామగ్రి మీద కాకుండా తరగతుల మీద పెట్టండి. జేకబ్స్‌బర్గ్‌లో ప్రస్తుతం ఏమి నేర్పుతున్నారో వెళ్లి అడగండి. 1933లో ఏర్పడిన జాతీయ మజిల్ లోడింగ్ (మూతి మందు) రైఫిల్ సంఘం ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్‌లో ఉంది. దాని కార్యక్రమాలకు ఒకసారి వెళ్తే మీ స్థాయి ఎక్కడుందో, తర్వాత ఏమి కొనాలో మీకే తెలుస్తుంది.

కొనుగోళ్ల క్రమం కూడా ముఖ్యమే. లాక్, గొట్టం ముందు కొనండి. అవి చెడిపోవు, అవసరమైతే దాదాపు కొన్న ధరకే అమ్ముడవుతాయి. కర్రను పని మొదలుపెట్టే ముందు మాత్రమే కొనండి. వీటన్నిటికంటే ముందు తాళం వేసే ఇనుప బీరువా కొనండి. ఇంట్లో పిల్లలున్నారు, అది అభిరుచిలో భాగమైన ఖర్చే. తుపాకి మందును ఆ బీరువాలో కాకుండా వేరుగా, పిల్లల చేతికి అందకుండా, స్థానిక అగ్నిమాపక నిబంధనల ప్రకారం భద్రపరచాలి. మీ ఇంటి బీమా సంస్థకు తుపాకుల సంగతీ, మందు సంగతీ తెలియజేసి జవాబు రాతలో తీసుకోండి. చాలా ఇంటి పాలసీల్లో తుపాకులు దొంగతనానికి గురైతే ఇచ్చే పరిహారానికి విడిగా పరిమితి ఉంటుంది. మామూలుగా అది 2,500 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. రెండో రైఫిల్ పూర్తయ్యే నాటికి మీరు ఆ పరిమితిని దాటిపోతారు, అప్పుడు అదనపు రైడర్ తీసుకోవాలి.

చివరి ప్రశ్నకు జవాబు సూటిగానే చెప్పాలి: వాటిని హైదరాబాద్‌కు తీసుకెళ్లగలనన్న ఆశతో ఏ లెక్కా వేసుకోకండి. అమెరికాలో మూతి మందు రైఫిల్‌కు దొరికే మినహాయింపు మన దేశంలో లేదు. 1959 ఆయుధాల చట్టం కింద పేలే స్థితిలో ఉన్న తుపాకి, అది ఎంత పాత పద్ధతిలో చేసినదైనా, తుపాకే; దిగుమతికీ, ఉంచుకోవడానికీ లైసెన్సు కావాలి. మన ఏజెన్సీ గ్రామాల్లో లైసెన్సు లేని నాటు తుపాకి దొరికితే కేసు పెట్టేది ఈ చట్టం కిందే. తిరిగి వెళ్లాక అక్కడే తయారీ కొనసాగిద్దామన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే దాన్ని ఇప్పుడే తీసేయండి: లైసెన్సు లేకుండా తయారు చేస్తే, 2019 సవరణ తర్వాత, కనీసం ఏడేళ్ల నుంచి యావజ్జీవం వరకు జైలు శిక్ష పడుతుంది. కాబట్టి తిరుగు ప్రయాణం ఖాయమయ్యాక, బయలుదేరడానికి కనీసం ఆరు నెలల ముందే, న్యాయవాది సలహాతో ఒక్కో రైఫిల్‌ను చట్టప్రకారం కలిగి ఉండగలిగే వ్యక్తికి అప్పగించండి, ఆ కాగితాలు మీతో ఉంచుకోండి. పనిముట్లను మాత్రం నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చు. కర్ర చెక్కే ఉలికీ, ఆకురాయికీ ఏ లైసెన్సూ అక్కర్లేదు.