ఇంటికి ఇద్దరే అయినా జనాభా ఎందుకు పెరుగుతోంది?

ఇంటికి ఇద్దరు పిల్లలే ఉంటున్నా జనాభా ఎలా పెరుగుతోందని మీ సందేహం. దీనికి పాత లెక్కే కారణం. ఒక అమ్మమ్మకు ఐదుగురు సంతానం, వాళ్లకు తలా ఇద్దరు అనుకోండి. మనవలు పదిమంది పుడతారు, ఆ తరంలో పోయేది అమ్మమ్మ, తాతయ్య ఇద్దరే! పుట్టినవాళ్లలోంచి పోయినవాళ్లను తీసేసి, వలసల తేడా కలిపితే వచ్చేదే పెరుగుదల. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2001లో 7.62 కోట్లు, 2011లో 8.46 కోట్లు, అంటే పదేళ్లలో 11 శాతం.

జనాభా నిలకడగా ఉండాలంటే ఒక్కో మహిళకు సగటున 2.1 మంది పిల్లలు కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌కు 1.7, తెలంగాణకు 1.8 వచ్చాయి. రెండూ 2.1 కంటే తక్కువే కాబట్టి పిల్లలు తగ్గి వృద్ధుల వాటా పెరుగుతుంది; ఇక ముందున్నది ముసలితనం బరువే. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది కూడా.