ఇసుకలో దొరికిన పన్ను గురించి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

గుంటూరులో మేమంతా కులాసా. విజయవాడలో మీ ఇంటి పనికి దింపిన ఇసుకలో దొరికిన పన్ను, ఎముక ముక్కల ఫొటోలు చూశాను. నల్లగా, బరువుగా ఉన్నాయి కాబట్టి లక్షల ఏళ్ల నాటివని నువ్వే తేల్చేశావు. కృష్ణ ఒండ్రులో ఎముక నల్లబడటానికి అన్నేళ్లు అక్కర్లేదురా.

ముందు ఆ లోడు ఏ రీచ్ నుంచి, అంటే నదిలో ఇసుక తవ్వే ఏ చోటు నుంచి వచ్చిందో లారీ డ్రైవర్ని అడిగి రాసిపెట్టు. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన నది దారిపొడవునా దొరికినవన్నీ ఒకే మేటలో కలిపేస్తుంది. 1880ల్లో కర్నూలు ప్రాంతంలోని బేతంచర్ల దగ్గర బిల్లసర్గం గుహల్ని భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వించినప్పుడు ఖడ్గమృగం ఎముకలు కూడా బయటపడ్డాయి. కర్నూలు పేరు కలిపే దానికి శాస్త్రీయనామం పెట్టారు. ఆ ఎముకలకు దొరికిన చోటంటూ ఒకటి తెలుసు. నీ పన్నుకు అదే తెలియదు.

ఇక పన్ను సంగతి. పశువుల డాక్టరుగా ఉద్యోగమంతా పళ్లు చూస్తూ గడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఆవుది కాదని తేలేదాకా ఆవుదే అనుకో. నమిలే వైపు పైనుంచి చూడు. నెలవంక గీతలు జంటలుగా కనిపిస్తే నెమరువేసే జంతువుది. పక్కనుంచి చూస్తే రెండు భాగాల మధ్య సన్నటి నిలువు కాడ ఉందా? ఉంటే ఆవో గేదో కావచ్చు. మేక, గొర్రెలకు మామూలుగా అది ఉండదు. జింకల్లో కొన్నిటికి ఉంటుంది గానీ పొట్టిగా ఉంటుంది. ఒంటి పన్ను చూసి ఆవో గేదో చెప్పమంటే నేనూ తటపటాయిస్తాను. గుర్రం పై దవడ పన్నయితే పొడుగ్గా, నలుచదరంగా ఉండి, పైన పింగాణీ (ఎనామిల్) గీతలు మెలికల ముగ్గులా తిరుగుతాయి.

గుండ్రటి బుడిపెలుంటే జాగ్రత్త. పంది పన్ను, మనిషి పన్ను అక్కడే తికమకపెడతాయి. 1922లో అమెరికాలో ఆస్బర్న్ అంతటి శిలాజ శాస్త్రవేత్త ఒక్క పన్ను చూసి ఆదిమ వానరమన్నాడు, 1927కల్లా అది పందిలాంటి జంతువుదని తేలింది. మనిషి ఎముకేమోనని అనుమానమొస్తే మాత్రం ఇంకేం ముట్టుకోకుండా పోలీసులకు చెప్పు.

ఎముక ముక్క విరిగిన అంచుకు ఎర్రగా కాల్చిన సూది తాకించు. వెంట్రుకలు కాలిన వాసనొస్తే అది కొత్తదే. రాకపోతే శిలాజమని సంబరపడకు, కాలిన ఎముకకూ వాసన రాదు. యాసిడ్‌తో కడగొద్దు, ఫెవిక్విక్ పూయొద్దు, ఎండలో పెట్టొద్దు, పన్ను చీలిపోతుంది. మెత్తటి బ్రష్‌తో మంచినీళ్లు చాలు, నీడలో ఆరబెట్టు.

తర్వాత గన్నవరం వెటర్నరీ కాలేజీలో అనాటమీ వాళ్లని అడిగి, అక్కడి ఎముకల పక్కన పెట్టి చూపించు. దేనితోనూ కలవకపోతే అప్పుడు హైదరాబాద్ జియలాజికల్ సర్వే వాళ్లకి రాద్దాం.

ఈలోగా పైనుంచి, రెండు పక్కల నుంచి, పంటి వేర్ల వైపు నుంచి మళ్లీ ఫొటోలు తీసి పంపు. పక్కన స్కేలు పెట్టు. నీ బొటనవేలు పెడితే నాకేం తెలుస్తుందిరా?